పెద్దమేడమ్ లాప్‌టాప్, నా పది నిమిషాల పని

ఇప్పుడంటే మీట నొక్కి చెయ్యి వెనక్కి తీసేలోపు కంప్యూటర్ మేలుకుంటోంది కానీ, నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అలా ఉండేది కాదు. అప్పట్లో కంప్యూటర్‌ని లేపడమంటే మధ్యాహ్నం కునుకు తీస్తున్న తాతగారిని లేపడమే. ఒకసారి పిలవాలి, ఆగాలి, మళ్ళీ పిలవకూడదు (మళ్ళీ నొక్కితే కథ మొదటికొచ్చేది). అలాంటి కాలంలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడికి చదువు ఎంత ఉన్నా లేకపోయినా ఓపిక మాత్రం ఉండాలి. నాకు మిగతావన్నీ కాస్తో కూస్తో ఉండేవి, ఆ ఒక్కటే లేదు. రైలు ప్లాట్‌ఫారం మీద పూర్తిగా ఆగకముందే దిగేవాణ్ణి. ఎవరైనా ఒక సంగతి చెబుతుంటే వాళ్ళ వాక్యం నేను పూర్తి చేసేవాణ్ణి, అదీ తప్పుగా. "వీడి కాళ్ళకి చక్రాలున్నాయి, బ్రేకులే లేవు" అని మా అమ్మ వచ్చినవాళ్ళకల్లా చెప్పుకునేది.

మాది తెనాలిని ఆనుకుని ఉన్న అంగలకుదురు. డిగ్రీ అయిన ఏడాదే బాపట్లలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచర్‌గా చేరాను. చేరాను అనడం కంటే, చూద్దామని చేర్చుకున్నారు అనడం నిజం. మూడు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుతామన్నారు హెడ్‌మిస్ట్రెస్‌గారు. స్కూలంతా ఆవిణ్ణి పెద్దమేడమ్ అని పిలిచేవాళ్ళు. సన్నగా, పొట్టిగా ఉండేవారు. ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి పైనుంచి ఒక చూపు చూస్తే చాలు, తొమ్మిదో తరగతి మగపిల్లలు కూడా చొక్కా లోపలికి దోపుకునేవాళ్ళు. నేనూ దోపుకునేవాణ్ణి.

ఆవిడ టేబుల్ మీద ఒక నల్లటి లాప్‌టాప్ ఉండేది. పొద్దున్న గదిలోకి వస్తూనే దాని మీట నొక్కి, ప్రార్థనకి గ్రౌండులోకి వెళ్ళి, పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించి, ఆలస్యంగా వచ్చిన కర్లపాలెం ఆటో పిల్లలకి చీవాట్లు పెట్టి తిరిగి వచ్చేసరికి, తెర మీద గుండ్రటి చుక్కలు ఇంకా తిరుగుతూనే ఉండేవి. అది చాలదన్నట్టు ఆ నెలలో పదో తరగతి పిల్లల వివరాలన్నీ ఆన్‌లైన్‌లో పరీక్షల బోర్డు సైటులో ఎక్కించాల్సి వచ్చింది. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, ఫొటో, సంతకం, ఒక్కొక్కరికి రెండేసి పుట్టుమచ్చలు. నలభై రెండు మంది పిల్లలు. ఆ వివరాలన్నీ పెద్దమేడమ్ తన చేత్తో నెల రోజులు కూర్చుని లాప్‌టాప్‌లోకి ఎక్కించారు. సోమవారం సాయంత్రంతో గడువు ఆఖరు. అది దాటితే పిల్లల హాల్‌టికెట్ల దగ్గర చిక్కు వస్తుంది. ఆ సైటు చూస్తే, మా లాప్‌టాప్ ఒక్క పేజీ తెరిచేలోపు విసుగెత్తి మమ్మల్ని బయటికి నెట్టేస్తోంది.

శుక్రవారం సాయంత్రం ఆవిడ తల పట్టుకుని కూర్చుంటే, అడగకుండానే నేను నోరు తెరిచాను.

"హార్డ్ డిస్క్ పాతబడిపోయిందండి మేడమ్. లోపల ఒక చక్రం ఉంటుంది, అది తిరిగి తిరిగి అలిసిపోయింది. దాన్ని పీకేసి ఎస్.ఎస్.డి. అని కొత్తరకం డిస్కు వేస్తే రెక్కలొస్తాయండి. అందులో తిరిగేదేమీ ఉండదు. పది నిమిషాల పనండి."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఇదివరకు చేశావా బాబూ?"

"చాలా చేశానండి."

(చేసినవి సున్నా. చూసినవి మూడు వీడియోలు. అందులో రెండు చివరిదాకా చూడలేదు.)

మర్నాడు శనివారం మధ్యాహ్నం స్కూలు వదిలాక ఆవిడ లాప్‌టాప్‌ని సంచిలో పెట్టి నా చేతికిస్తూ, "జాగ్రత్త, పిల్లలందరూ ఇందులోనే ఉన్నారు" అన్నారు. ఆ మాట అప్పుడు నాకు పెద్దగా తగల్లేదు. తెనాలిలో రైలు దిగి, బజార్లో ఎస్.ఎస్.డి. కొని, దీపాలు పెట్టే వేళకి ఇంటికి చేరాను. గుమ్మంలోనే డబ్బా చింపబోతుంటే అమ్మ అడ్డం వచ్చింది.

"కొత్త వస్తువు దేవుడి దగ్గర పెట్టకుండా వాడతావేంట్రా? కాళ్ళూ చేతులూ కడుక్కుని రా, పో."

"అమ్మా, అది నాది కాదు, స్కూలుది."

"స్కూలుదైతే మరీ మంచిది. నీ ఉద్యోగం దాని మీదే ఉందంటివి." అంటూ డిస్కుని అరచేతిలో పెట్టుకుని ఎగరేసి చూసింది. "ఇదేంట్రా, బరువే లేదు? ఖాళీ డబ్బా అంటగట్టాడేమో చూసుకున్నావా?"

వాదించే ఓపిక లేక బావి దగ్గరికి వెళ్ళాను. వచ్చేసరికి ఇత్తడి పళ్ళెంలో, దీపం ముందు, మధ్యలో కుంకుమ బొట్టుతో, నెత్తిన రెండు అక్షింతలతో మా ఎస్.ఎస్.డి. పెళ్ళికొడుకులా కూర్చుని ఉంది. గబగబా దండం పెట్టి, బొట్టు చొక్కా అంచుతో తుడిచేసి, దాన్ని తిప్పి చూశాను. ఒక చివర, లాప్‌టాప్‌లోకి దూరే చోట, బంగారు రంగు పళ్ళు పచ్చగా మెరుస్తున్నాయి. బంగారు పూత పూస్తారని వీడియోలో విన్నాను. కొత్త సరుకు కొత్త సరుకే అని మురిసిపోయాను.

పద్ధతి ప్రకారం ఏం చేయాలంటే, ముందు పాత డిస్కులో ఉన్నదంతా కొత్తదాంట్లోకి కాపీ చేసి, ఆ తర్వాత కొత్తది బిగించాలి. ఆ కాపీకి మూడు గంటలు పడుతుందట. నేను మూడు గంటలు కూర్చునే మనిషినా! ముందు బిగించి, లాప్‌టాప్ దీన్ని గుర్తుపడుతుందో లేదో చూసేద్దాం, కాపీ సంగతి తర్వాత అనుకున్నాను. అడుగు మూత మరలు విప్పాను. పాత డిస్కు పీకాను. కొత్తదాన్ని తోశాను. కాస్త బిగుతుగా ఉంటే బొటనవేలితో గట్టిగా నొక్కాను. మీట నొక్కాను. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. ఇందులో డిస్కు ఏదీ లేదు అని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పింది. తీసి, ఊది, మళ్ళీ పెట్టాను. లేదంది. నాలుగుసార్లు తీశాను, నాలుగుసార్లు పెట్టాను. లేదంటే లేదంది. అమ్మ అన్నట్టు ఖాళీ డబ్బాయేనేమో అని తిట్టుకుంటూ, సరే పాతదాన్నే పెట్టి ఇచ్చేద్దామని పాత డిస్కు మళ్ళీ తోసి మీట నొక్కాను.

ఇందులో డిస్కు ఏదీ లేదు అంది.

మధ్యాహ్నం దాకా పని చేసిన డిస్కు అది! పదో తరగతి నలభై రెండు మందీ, వాళ్ళ ఎనభై నాలుగు పుట్టుమచ్చలూ నా చేతుల్లోనే మాయమైపోయారు. పెద్దమేడమ్ నెల రోజుల కష్టం, సోమవారం గడువు, నా మూడు నెలల ఉద్యోగం వరసగా కళ్ళ ముందు తిరిగాయి. అమ్మ అన్నం తినమని పిలిస్తే ఆకలి లేదన్నాను. ఆ రాత్రి ఎంతసేపు పొర్లానో మంచానికి తెలుసు.

నాకు తెలిసినవాళ్ళలో లాప్‌టాప్ పొట్ట విప్పడం తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. కాలేజీలో మాకు రెండేళ్ళు సీనియర్, రేపల్లెలో రిపేరు షాపు పెట్టుకున్నాడు. మేమంతా అతన్ని నిదానం అన్న అనేవాళ్ళం. అతను బూటు లేసు కట్టుకోవడం మొదలుపెడితే మేం టీ తాగి వచ్చేవాళ్ళం. ఆదివారం పొద్దున్నే ఫోను చేస్తే తియ్యలేదు. మళ్ళీ చేశాను, తియ్యలేదు. ఇక ఆగలేక లాప్‌టాప్‌ని, రెండు డిస్కుల్ని సంచిలో వేసుకుని రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. ఖాళీ సీట్లు బోలెడు ఉన్నాయి. నేను మాత్రం సంచిని గుండెకి హత్తుకుని తలుపు దగ్గర నిలబడ్డాను, నిలబడితే బండి తొందరగా వెళుతుందన్నట్టు. వేమూరులో ఆగింది. భట్టిప్రోలులో ఆగింది. ఆగిన ప్రతిచోటా గార్డు నా మీద కక్షతోనే ఆపిస్తున్నాడనిపించింది.

షాపుకి తాళం వేసి ఉంది. పక్కన టీ కొట్టాయన, "ఆదివారం కదండీ, గుడికెళ్ళాడు. కీబోర్డు వాయించేది అతనే" అని వీధి చివర చర్చి చూపించాడు. వెళ్ళి గేటు దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, చేతిలో బైబిలుతో వస్తున్న ఒక మామ్మగారు, "ఎండలో నిలబడ్డావేం నాయనా? లోపలికి రా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చివరి బెంచీలో కూర్చోబెట్టారు. ముందు వరసలో నిదానం అన్న తెల్ల చొక్కా వేసుకుని కీబోర్డు వాయిస్తున్నాడు. నేను చెయ్యి ఊపాను. అతను నవ్వి తల ఊపాడు, పాట ఊపులో ఉన్నాననుకున్నాడు. ఆ కీర్తనకి ఎన్ని చరణాలున్నాయో ఒక్కటీ వదలకుండా పాడారు, ప్రతి చరణానికీ పల్లవి రెండుసార్లు. ప్రసంగం దేని గురించో ఒక్క ముక్క నా చెవికెక్కలేదు. పాస్టరుగారు "చివరిగా ఒక్కమాట" అన్నప్పుడల్లా సంచి అందుకుని లేవబోయాను. ఆయన మూడుసార్లు అన్నారు.

నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన ఇదంతా గమనిస్తూనే ఉన్నారు. ఆరాధన అయిపోగానే ఊగుతున్న నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఏదో పెద్ద బాధలో ఉన్నావు బాబూ. ఎవరికి బాగాలేదో చెప్పు, ప్రార్థన చేద్దాం" అన్నారు.

"లాప్‌టాప్‌కండి" అన్నాను. ఆ కంగారులో అంతకంటే రాలేదు.

ఆయన ఏమాత్రం తొణకలేదు. "సరే" అని కళ్ళు మూసుకుని, లాప్‌టాప్ కోసం, అందులో ఉన్న పిల్లల కోసం, చివరికి నాకు కాస్త నెమ్మది కోసం నిండుగా ప్రార్థన చేశారు. నేను కూడా కళ్ళు మూసుకున్నాను. ఆ రెండు రోజుల్లో నేను కదలకుండా కూర్చున్నది ఆ రెండు నిమిషాలే.

షాపు తెరిచి, అగరొత్తులంత సన్నటి స్క్రూడ్రైవర్లు వరసగా పేర్చుకుని, ఫ్యాను వేసి, కళ్ళజోడు తుడుచుకుని (నేను ఈలోపు షాపులో నాలుగు చుట్లు తిరిగాను) నిదానం అన్న లాప్‌టాప్ మూత విప్పాడు. సంచిలోంచి కొత్త డిస్కుని చేతిలోకి తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఏంటి తమ్ముడూ, పులిహోర వాసన వస్తోంది?"

"అన్నా, ఇది వేళాకోళానికి వేళ కాదన్నా."

"వేళాకోళం కాదురా, నువ్వే చూడు" అని భూతద్దం నా చేతికిచ్చాడు. చూశాను. బంగారు పళ్ళ మధ్య, బంగారం కంటే కొంచెం ముదురుగా, ఏదో ముద్దలా పేరుకుని ఉంది. అతను సూదితో గీకి వేలి మీద పెట్టి చూపించాడు. పసుపు. అదీ పొడి కాదు, నూనెలో కలిపిన పసుపు. నేను నాలుగుసార్లు గట్టిగా తోసిన పుణ్యమా అని లాప్‌టాప్ లోపలి గాడి నిండా అదే. ఆ గాడిలో పెట్టినందుకు పాత డిస్కు పళ్ళకి కూడా అదే.

వెంటనే ఇంటికి ఫోను కలిపాను. "అమ్మా, ఆ డిస్కుకి పసుపెక్కడ రాశావు?"

"ఒక చివర పళ్ళు పళ్ళుగా ఉంది చూడు, అక్కడ. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా అదేగా దారి? మన గడపకి రాయమూ? అట్లాగే అంచంతా రాశాను. నీళ్ళలో కలిపితే రాలిపోతుందని కాస్త నువ్వుల నూనె వేశాను. ఏం నాన్నా, తక్కువైందా?"

ఫోను స్పీకర్లో ఉంది. నిదానం అన్న బల్ల మీద తల వాల్చి భుజాలు ఎగిరిపడేట్టు నవ్వుతున్నాడు. ఫోను పెట్టేశాక కళ్ళు తుడుచుకుంటూ, "అమ్మగారికి మెషీను బాగానే అర్థమైందిరా, నీకంటే నయం. సరిగ్గా గడప ఎక్కడుందో కనిపెట్టేశారు" అన్నాడు. స్పిరిట్ సీసా అందుకుంటూ, "మా ఇళ్ళల్లో కూడా కొత్త వస్తువుకి ప్రార్థన చేసే వాడతాంలే. కాకపోతే అందులో తడి ఉండదు" అన్నాడు.

తర్వాత అతను స్పిరిట్‌లో ముంచిన టూత్‌బ్రష్‌తో రెండు డిస్కుల పళ్ళూ తోమాడు, గాడి తోమాడు, ఫ్యాను కింద పెట్టాడు. ఆరిపోయిందన్నా అంటే ఆరలేదన్నాడు. భోజనానికి ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళమ్మగారి చేత కోడికూర వడ్డించాడు. ఆవిడ పెట్టిందంతా తిన్నాను కానీ ఏం తిన్నానో తెలియదు. తిరిగి వచ్చాక పాత డిస్కు గాడిలో పెట్టి మీట నొక్కాడు. గుండ్రటి చుక్కలు తెర మీద తిరగడం మొదలుపెట్టాయి. ఎప్పుడూ విసుక్కునే ఆ చుక్కల్ని చూసి నాకు ఏడుపొచ్చింది. నలభై రెండు మందీ ఉన్నారు. తర్వాత కాపీ మొదలుపెట్టి, "మూడు గంటలు. ఇక నువ్వు దాన్ని ముట్టుకోకూడదు, దాని చుట్టూ తిరగకూడదు" అని నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు. కూర్చున్నాను. ఒక్కో శాతం పెరుగుతుంటే పైకే లెక్కపెట్టాను. యాభై దగ్గర అతను నన్ను బయటికి పంపేశాడు.

కాపీ పూర్తయి కొత్త డిస్కు బిగించాక, సాయంత్రం బండిలో తిరిగి వస్తూ అమ్మని ఎలా కేకలెయ్యాలో రేపల్లె నుంచీ తయారు చేసుకున్నాను. వేమూరు వచ్చేసరికి మంచి మంచి మాటలు దొరికాయి. ఇంటికి వెళ్ళేసరికి అమ్మ వీధి తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"పని చేస్తోందా? నువ్వు ఫోనులో పసుపు సంగతి అడిగిన కాడ్నించీ నాకు ముద్ద దిగలేదురా. ఏదన్నా తప్పు చేశానా?"

మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. తయారు చేసుకున్న మాటలు ఎటు పోయాయో పోయాయి. "లేదమ్మా. బ్రహ్మాండంగా పని చేస్తోంది" అన్నాను. "నే చెప్పలా!" అని ఆవిడ అప్పటికప్పుడు ఇద్దరికీ కంచాలు పెట్టింది. తప్పు ఆవిడది కాదని నాకు తెలుసు. అంటించింది ఆవిడే కావచ్చు, చూడకుండా, తుడవకుండా నాలుగుసార్లు లోపలికి కుక్కినవాణ్ణి నేను. ఆవిడ మీద కోపం తెచ్చుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

సోమవారం పొద్దున్న పెద్దమేడమ్ మీట నొక్కి, అలవాటు ప్రకారం గ్రౌండుకి వెళ్ళడానికి లేచారు. ఆవిడ కుర్చీ వెనక్కి జరిపేలోపే తెర వెలిగింది. మళ్ళీ కూర్చున్నారు. ఫైలు తెరిచారు. వేలితో తెర మీద ఒక్కొక్క పేరూ చూసుకుంటూ కిందిదాకా వచ్చారు. మధ్యాహ్నానికల్లా వివరాలన్నీ ఎక్కించేశాం. ఆఖరి పిల్ల ఆఖరి పుట్టుమచ్చ కూడా ఎక్కాక, ఆవిడ కళ్ళజోడు జార్చి నా వైపు చూశారు.

"ఇంతకీ, ఇలాంటివి ఇదివరకు ఎన్ని చేశావు బాబూ?"

రెండు రోజుల అలసట నాలో ఉంది, అబద్ధం ఆడే ఓపిక కూడా లేదు. "ఇదే మొదటిదండి. మధ్యలో మొత్తం పోయిందనుకున్నానండి" అని పసుపు దగ్గర్నుంచి ప్రార్థన దాకా అంతా చెప్పేశాను. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుందనుకున్నాను.

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. టేబుల్ సొరుగు లాగి, తాళాల గుత్తి పక్కనుంచి ఒక చిన్న పెన్‌డ్రైవ్ తీసి నా ముందు పెట్టారు.

"శుక్రవారం నువ్వు 'చాలా చేశానండి' అని అంత తొందరగా అన్నప్పుడే తెలిసింది నాకు. నువ్వు వెళ్ళాక కూర్చుని మొత్తం ఇందులో కాపీ చేసుకున్నాను."

నాకు తలకొట్టేసినట్టయింది. "మరి ముందే చెప్పొచ్చు కదండీ మేడమ్!"

"చెప్పేదాన్నే. 'జాగ్రత్త, పిల్లలందరూ ఇందులోనే ఉన్నారు' అని నేనింకా మాట పూర్తి చేయలేదు, నువ్వు గేటు దాటిపోయావు" అన్నారు.

ఉద్యోగం ఉంచారు. మూడు నెలలు కాదు, ఆరేళ్ళు ఆ స్కూల్లోనే పని చేశాను. వారం వారం కాపీలు తీసే పని నాకే అప్పగించారు, అది జరుగుతున్నంతసేపు తన ఎదురుగా కుర్చీలో కూర్చోవాలనే షరతు మీద. ఇప్పుడు జుట్టు నెరిసింది, పరుగులు తగ్గాయి, మీట నొక్కగానే లేచే యంత్రాలు చుట్టూ ఉన్నాయి. అయినా అప్పుడప్పుడు రేపల్లె ప్యాసింజర్ తలుపు దగ్గర సంచిని గుండెకి హత్తుకుని నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడి దగ్గరికి వెళ్ళి, "ఒరేయ్, మేడమ్ సొరుగులో పెన్‌డ్రైవ్ ఉందిరా. ఏమీ పోలేదు. సీట్లు ఖాళీగా ఉన్నాయి, కాసేపు కూర్చో" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేదాకా ఆగేవాడు కాదనుకోండి.